పావులూరి కరణం లెక్కలో ఓ దండ

కారంచేడు పక్క మండలం ఇంకొల్లు. అందులోదే పావులూరు. పదకొండో శతాబ్దిలో కమ్మనాటి పావులూరికి కరణంగా ఉన్న మల్లన, మహావీరాచార్యుడి 'గణితసారసంగ్రహం' తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మహావీరుడు 850 ప్రాంతంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో రాసిన సంస్కృత గ్రంథమది. హెచ్చవేస్తే ముత్యాలు గుచ్చినట్టు వచ్చే కొన్ని లబ్ధాలను ఆయన కంఠాభరణాలన్నాడు. అందులో ఒకటి 12345654321. మన తెనాలి 'వికటకవి' లాగే ఎటునుంచి చదివినా అదే. ఈ దండ మనమే గుచ్చుదాం, గళ్ల పుస్తకం తీయండి.

ముందు 111111 రాసి, దాన్ని దానితోనే హెచ్చవేయండి. ఆరు వరుసలొస్తాయి, అన్నీ ఒకట్లే, ఒక్కో వరుసా ఒక్కో గడి ఎడమకు జరుగుతుంది. ఇప్పుడు నిలువుగా కూడండి. కుడి చివర ఒక్క ఒకటే, పక్కన రెండు, ఆపైన మూడు. నడిమి గడిలో ఆరు. అక్కణ్నుంచి మళ్లీ తగ్గుముఖం. ఏ గడిలోనూ తొమ్మిది దాటదు గనుక పక్క గడికి మోసుకెళ్లే పనే లేదు, అందుకే దండ చెదరదు. తొమ్మిది ఒకట్లదాకా ఇదే తీరు. పదో ఒకటి చేర్చారా, 1234567900987654321 వచ్చి దండ తెగుతుంది.

ఇంతవరకూ ఏ పిల్లాడైనా చేస్తాడు. అసలు పనితనం దండను దాచడంలో ఉంది. 111111ను విడగొడితే 3, 7, 11, 13, 37. వీటిని రెండు కుప్పలు చేసి, ఒక్కో కుప్పను హెచ్చవేసి వర్గం కట్టాలి. ఆ రెండు వర్గాలను హెచ్చవేస్తే మళ్లీ మన దండే వస్తుంది. 3, 37 ఒక కుప్పగా, 7, 11, 13 మరో కుప్పగా పెడితే 111, 1001 వస్తాయి. వర్గాలు 12321, 1002001. రెండూ చిన్న దండలే! చూడముచ్చటే గానీ, గుట్టు ముందే బయటపడిపోతుంది. అందుకని 3, 7 ఒకవైపు, 11, 13, 37 ఇంకోవైపు పెట్టండి. 21, 5291 వస్తాయి. వర్గాలు 441, 27994681. ఈ రెండో సంఖ్య మొహం చూసి లోపల దండ ఉందని ఎవరనుకుంటారు? మహావీరుడు ఇచ్చిన లెక్క కూడా ఇదే: 27994681ని 441తో హెచ్చవేయమన్నాడు.

సరిచూసుకోవాలంటే దండలోని అంకెలు కూడండి, 36 వస్తుంది. అంటే తొమ్మిదితో తెగుతుంది. పదకొండుతోనూ తెగుతుంది. సరి సంఖ్యలో అంకెలున్న ఇలాంటి దండలన్నీ పదకొండుతో తెగాల్సిందే. దీనికి పదకొండు అంకెలు కాబట్టి ఆ నియమం వర్తించదు. ఇక్కడ పదకొండు వచ్చింది మనం గుచ్చిన పూసల్లోంచి.

ఇంట్లో పిల్లలకు ఇంత పెద్ద లెక్క బరువనిపిస్తే ఐదు ఒకట్లతో మొదలుపెట్టండి. 11111 అంటే 41 సార్లు 271. జవాబు చెప్పకుండా, 73441ని 1681తో హెచ్చవేయమని కాగితం చేతికివ్వండి.