అద్దం మీద ఆరిన బొట్టు

ఎండాకాలంలో ఒక ఆదివారం, కిటికీ అద్దాలు కడగమని అమ్మ మీకు చెప్పిందనుకోండి. బకెట్ నిండా బోరు నీళ్ళు తెచ్చారు. నాలుగు చెంబులు అద్దం మీద గుమ్మరించి, గుడ్డతో బాగా రుద్ది, మళ్ళీ రెండు చెంబులు పోసి ఆటకు వెళ్ళిపోయారు. తడిగా ఉన్నంతసేపూ అద్దం తళతళ మెరిసింది. గంట తరువాత వచ్చి చూస్తే ఏముంది? దుమ్ము పోయిన మాట నిజమే. కాని అద్దం నిండా తెల్లని చుక్కలు, చారలు! సరిగ్గా కడగలేదని అమ్మ అంటుంది. బాగానే కడిగానని మీరంటారు. మీరు చెప్పిందీ అబద్ధం కాదు. దుమ్మును కడిగేశారు, ఆ తరువాత అద్దానికి మరో మురికి పూశారు. ఆ మురికి బకెట్‌లోని నీళ్ళలోనే ఉంది.

అనంతపురం, నల్లగొండ వంటి మెట్ట ప్రాంతాల్లో పెద్దవాళ్ళు నీళ్ళను రుచి చూసి ‘సప్ప నీళ్ళు’, ‘ఉప్పు నీళ్ళు’ అని వేరుచేసి చెబుతారు. ఉప్పు నీళ్ళలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు, సబ్బు నురగ రాదు. ఇలా సబ్బుకు లొంగని నీటిని మీ పాఠ్యపుస్తకం ‘కఠిన జలం’ అంటుంది. (నాలుకకు ఉప్పగా తగలకపోయినా నీరు కఠిన జలం కావచ్చు. రుచిని నమ్ముకుంటే మోసపోతాం.)

ఈ కాఠిన్యం ఎక్కడిది? వాన నీరు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకొని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది. ఆ నీరు రాళ్ళ పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి కాల్షియం, మెగ్నీషియం లవణాలను నెమ్మదిగా కరిగించుకుంటుంది. మనది గ్రానైటు నేల కదా, సున్నం ఎలా వచ్చిందని మీరు అడగవచ్చు. గ్రానైటులోని ఫెల్స్‌పార్ అనే ఖనిజంలో కొంత కాల్షియం ఉంటుంది. పైగా వాన తక్కువ పడే చోట మట్టిలో పుట్టిన సున్నాన్ని కడిగి తీసుకుపోయేంత నీరు ఉండదు. అది అక్కడే తెల్లని గడ్డలుగా పేరుకుంటుంది. అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే! అమెరికాలోని అరిజోనా ఎడారిలో కూడా కఠిన జలంతో ఇదే తంటా.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. తాగే నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఉండవచ్చని, వేరే నీరు దొరకని చోట 600 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం చెబుతుంది. మీ బోరు నీటిలో 600 ఉందనుకోండి. కడిగిన తరువాత ఒక చదరపు మీటరు అద్దం మీద 50 మిల్లీలీటర్ల నీరు ఆరిపోయిందనుకోండి. అంటే 30 మిల్లీగ్రాముల లవణం మిగిలిందన్నమాట. వారానికోసారి ఇలాగే కడిగి వదిలేస్తే ఏడాదికి ఒకటిన్నర గ్రాములు! వాన పడితే అందులో కొంత పోతుందనుకోండి. కాని వానలే లేని చోటు గురించి కదా మనం మాట్లాడుకుంటున్నది.

బొట్టు ఆరేటప్పుడు జరిగేది చూడండి. నీటిలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేట్ నుంచి కార్బన్ డయాక్సైడు గాలిలోకి పోతుంది, నీరు ఆవిరవుతుంది, కరగని కాల్షియం కార్బొనేట్ మిగులుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగున గార కట్టేది కూడా ఇదే. మరి మచ్చ మధ్యలో పలచగా, అంచున చిక్కగా వలయంలా ఎందుకుంటుంది? బొట్టు అంచు అద్దానికి అతుక్కుని కదలదు. అంచు దగ్గరే నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యనున్న నీరు అంచుకు ప్రవహిస్తూ తన సరుకునంతా అక్కడికి మోసుకుపోతుంది. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క చుట్టూ నల్లని గీత పడేది ఇందువల్లే. రోజూ కళ్ళముందు కనిపించే ఈ సంగతికి చికాగో శాస్త్రజ్ఞులు 1997లో గాని సరైన వివరణ ఇవ్వలేదంటే ఆశ్చర్యంగా లేదూ!

ఇక అద్దాలు తుడవడమే వృత్తిగా ఉన్నవారి దగ్గరకు వెళ్దాం. వాళ్ళ బకెట్‌లోనూ తరచు ఇదే బోరు నీరు ఉంటుంది. అయినా వాళ్ళు తుడిచిన అద్దం మీద మచ్చ కనబడదు. కిటుకు ఏమిటంటే, వాళ్ళు నీటిని అద్దం మీద ఆరనివ్వరు. ఆరకముందే లాగేస్తారు. నీరు ద్రవంగా వెళ్ళిపోతే అందులోని లవణమూ దాని వెంటే వెళ్ళిపోతుంది. నీరు ఆవిరైపోతేనే లవణం అద్దం మీద చిక్కుకుపోతుంది.

అలా లాగేందుకు వాడేది రబ్బరు వైపర్. ఇటలీ నుంచి అమెరికాకు వలస వెళ్ళిన ఎటోరే స్టెకోన్ అనే ఆయన తానే అద్దాలు తుడిచే పనివాడు. అంతకు ముందున్న బరువైన ఉక్కు పనిముట్టుతో విసిగిపోయి, ఒకే రబ్బరు అంచు ఉన్న తేలికైన ఇత్తడి వైపర్‌ను తయారుచేసి 1936లో పేటెంట్ పొందాడు. నేటి వైపర్లు చాలావరకు దానికి పిల్లలే.

పని జరిగే తీరు చూస్తే ప్రతి అడుగులోనూ ఒక పాఠం దొరుకుతుంది. మొదట పొడి కుంచెతో దుమ్ము దులుపుతారు, లేకపోతే ఇసుక రేణువులు అద్దాన్ని గీస్తాయి. తరువాత డిటర్జెంటు కలిపిన నీరు పూస్తారు. బట్టల సబ్బు ఎందుకు వాడరు? సబ్బు కాల్షియంతో కలిసి తెట్టు కడుతుంది, డిటర్జెంటుకు ఆ బాధ తక్కువ. డిటర్జెంటు నీటి తలతన్యతను తగ్గిస్తుంది, కాబట్టి నీరు బొట్లు బొట్లుగా విడిపోక పొరలా పరుచుకుంటుంది. రబ్బరు కూడా సాఫీగా జారుతుంది. పై అంచున ఒక సన్నని పట్టీ పొడిగా తుడుచుకొని, అక్కడ రబ్బరు ఆనించి, పాము నడకలా ఇటూ అటూ తిప్పుతూ కిందికి లాగుతారు. చివరికి మూలల్లోనూ అంచుల్లోనూ మిగిలిన తడిని పొడిగుడ్డతో అద్దుతారు. కొత్తవాళ్ళు ఈ చివరి పనిని వదిలేస్తారు. సాయంత్రానికి అంచుల వెంట తెల్లని గీతలు వాళ్ళను పట్టిస్తాయి.

మంచి పనివాడు అద్దం కన్నా ముందు సూర్యుణ్ణి చూస్తాడు. మే నెల ఎండలో కాలిన అద్దం మీద పూసిన నీరు వైపర్ చేతికి తీసేలోగా ఆరిపోతుంది. అందుకని పొద్దున పడమటి వైపు, మధ్యాహ్నం దాటాక తూర్పు వైపు పని పెట్టుకుంటారు. నీడ ఎటుంటే అటన్నమాట.

హైదరాబాదులో మాదాపూరు, గచ్చిబౌలి వైపు వెళితే తాళ్ళ మీద వేలాడుతూ పెద్ద భవనాల అద్దాలు తుడిచేవారు కనిపిస్తారు. పద్ధతి ప్రకారం ప్రతి మనిషికి రెండు తాళ్ళుండాలి. ఒకటి దిగడానికి, రెండోది వేరే చోట కట్టిన రక్షణ తాడు. మొదటిది తెగినా రెండోది పట్టుకోవాలి. అతని ప్రయాణం పై నుంచి కిందికే. ఒక అద్దం దాటి దిగిపోయాక ‘అయ్యో, మచ్చ మిగిలిందే’ అని వెనక్కి పాకడం పెద్ద శ్రమ. గాలి ఊపుతుంటే, ఎండ నీటిని ఆర్పుతుంటే, ఆ ఒక్క నిమిషంలోనే పని పూర్తి కావాలి.

తుడవకుండా వదిలేసినా మచ్చ పడని నీరు ఉండదా? ఉంది, అందులో లవణాలు ఉండకూడదు, అంతే. పొడవైన గొట్టపు కర్ర చివర కుంచె బిగించి, నేల మీదే నిలబడి నాలుగైదు అంతస్తుల వరకు శుద్ధజలంతో కడిగే పద్ధతి ఒకటుంది. మనిషి పైకెక్కే అపాయం తప్పుతుంది. దానికోసం నీటిని గట్టి ఒత్తిడితో సన్నని పొర గుండా నెడతారు. నీరు దాటుతుంది, లవణాలు చాలావరకు ఆగిపోతాయి. ఇలా పనికివచ్చే పొరను 1960 ప్రాంతంలో అమెరికాలో తయారుచేసిన ఇద్దరిలో ఒకరు మన దేశంలో పుట్టిన శ్రీనివాస శౌరిరాజన్. మిగిలిన కొద్దిపాటి లవణాలను రెజిన్ పూసలు పట్టుకొని, వాటికి బదులు హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లను ఇస్తాయి. ఆ రెండూ కలిస్తే మళ్ళీ నీరే! అయితే ఇళ్ళలో ఉండే ఇలాంటి యంత్రాలు చాలావరకు లీటరు శుద్ధజలానికి రెండు మూడు లీటర్లు పారబోస్తాయి. తాగడానికే ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో, చేతికందే కిటికీకి ఈ పద్ధతి దండగని నా అభిప్రాయం. వైపర్ ఉంటే అర బకెట్ బోరు నీళ్ళతో ఇంటి కిటికీలన్నీ అవుతాయి.

పాత మచ్చల సంగతి వేరు. కాల్షియం కార్బొనేట్ మచ్చయితే నిమ్మరసంలో గాని వెనిగర్‌లో గాని ముంచిన గుడ్డను పది నిమిషాలు అంటిపెడితే కరుగుతుంది. నీటిలో ఉండే సిలికా కూడా పేరుకుంటే అది నిమ్మరసానికి లొంగదు. అంతకన్నా చెడ్డది మరొకటుంది. ఇసుక, సోడా, సున్నం కరిగించి కదా అద్దం చేసేది. మళ్ళీ మళ్ళీ నిలిచే తడి, అద్దంలోని సోడాను కొద్దికొద్దిగా బయటికి లాగి క్షారంగా మారి, అద్దం ముఖాన్నే తినేస్తుంది. అప్పుడు కనిపించే మసక అద్దం మీద ఉన్నది కాదు, అద్దంలోనే ఉన్నది. దాన్ని తుడవలేం. స్నానాల గది కడిగే ఆసిడ్ పోస్తే పోతుందని ఎవరైనా చెబితే వినకండి. అల్యూమినియం చట్రం పాడవుతుంది, మీ కళ్ళకూ ఊపిరితిత్తులకూ ప్రమాదం.

ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. శుభ్రమైన గాజుపలక మీద బోరు నీరు, కాచి చల్లార్చి వడకట్టిన బోరు నీరు, బ్యాటరీలలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక్కొక్క బొట్టు వరుసగా వేసి, పేర్లు రాసి, నీడలో ఆరనివ్వండి. భూతద్దంతో మూడు చోట్లా చూడండి. మొదటి వలయం మీద ఒక చుక్క నిమ్మరసం వేసి, భూతద్దం తీయకుండా చూస్తూ ఉండండి. సన్నని బుడగలు లేస్తే అది కార్బన్ డయాక్సైడు. రెండో బొట్టు కూడా కొంత మచ్చ వదిలిందా? కాచినా పోని లవణాలు మీ బోరు నీటిలో ఉన్నాయన్నమాట.