రసక్షయం – గుండె దడ

రోహిణీ కార్తె ఎండలలో గుండె దడగా ఉన్నదని చెప్పేవారందరికీ హృద్రోగం ఉండదు. కొందరిలో తరిగినది శరీరంలోని ద్రవాంశం మాత్రమే.

హృదయం రసధాతువునకు స్థానమని ఆయుర్వేద సిద్ధాంతం. ఆ రసం క్షీణించినప్పుడు గుండె వేగంగా కొట్టుకోవడం, పెద్ద శబ్దాన్ని సహించలేకపోవడం, కొద్దిపాటి శ్రమకే సొలసిపోవడం కలుగుతాయని చరకుడు సూత్రస్థానంలో వర్ణించాడు. అతిసారంతో ఒక్కరోజు బాధపడినవారిని అడిగినా ఈ లక్షణాలనే చెబుతారు.

రక్తంలోని ప్లాస్మాలో నూటికి 90 పాళ్ళకు పైగా నీరే. చెమట, వాంతులు, విరేచనాల వలన ఆ నీరు పోయినప్పుడు గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. విశ్రాంతిలో ఒక్కొక్క స్పందనకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని నెట్టే గుండె, అంత నెట్టలేక, ఆ లోటును వేగంతో పూడ్చుకొంటుంది. అదే దడ. నీటితోపాటు లవణాలూ పోతాయి. వానిలో పొటాషియం బాగా తగ్గితే వేగమే కాదు, లయ కూడా తప్పవచ్చు, ఇది ప్రమాదకరం. రక్తపోటుకై మూత్రం అధికంగా పోయించే మాత్రలు వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

వృద్ధులలో దప్పిక మందగిస్తుంది. కనుక "నాన్నగారు నీళ్ళు అడగలేదు కదా" అని ఊరుకోరాదు. వారి నాడి చూడండి. అయిదు నిమిషాలు పడుకోబెట్టి మణికట్టు వద్ద నిమిషంపాటు లెక్కించండి. తరువాత పట్టుకొని నిలబెట్టి, నిమిషం ఆగి మళ్ళీ లెక్కించండి. రెండవ లెక్క 30 పెరిగినా, నిలబడలేనంతగా కళ్ళు తిరిగినా నీరు చాలా పోయి ఉండవచ్చు. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడేవారిలో మాత్రం నాడి పెరగకపోవచ్చు. అటువంటివారిలో నోరు ఎండటం, మూత్రం తగ్గి ముదురు పసుపుగా రావడం గమనించాలి.

లవణాలు పోయినప్పుడు వట్టినీరు బిందెలకొద్దీ త్రాగించడం సరికాదు. సోడియం ఇంకా పలచబడుతుంది. మందుల దుకాణంలో దొరికే ఓ.ఆర్.ఎస్. పొడి శ్రేష్ఠం. అది లేనప్పుడు, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి, కొద్దికొద్దిగా ఇవ్వండి. ఇందులో పొటాషియం లేదు గనుక కొబ్బరినీరు తోడు చేయవచ్చు. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, గంజి కూడా మంచివే. మూత్రపిండాల జబ్బు, గుండె బలహీనత ఉన్నవారికి మాత్రం ఇవేవీ వైద్యుని అడగకుండా ఇవ్వరాదు.

విశ్రాంతిలో నాడి 120 దాటినా, లయ తప్పినా, ఛాతీనొప్పి, మగత కనిపించినా, మూత్రం ఆగినా వంటింటి చికిత్స కట్టిపెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.