బ్రేక్ వేస్తే ఆ శక్తి ఎటు పోతుంది?

పీర్జాదిగూడ, బోడుప్పల్ వైపు అద్దెగదుల్లో ఉంటూ నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో ఉద్యోగం వెతుక్కునే ఈఈఈ, ఈసీఈ పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే: ‘‘సార్, కోర్‌లో నిలబడగలమా?’’ జవాబు చెప్పేముందు నేనూ ఒకటి అడుగుతాను. 48 వోల్టుల సప్లై మీద మోటారు తిరుగుతోంది. ఆపమని డ్రైవ్‌కు చెప్పాం. మోటారు ఆగేలోపు సప్లై దగ్గర మీటరు 70 చూపించింది. ఆ పై వోల్టులు ఎక్కడివి?

‘‘బ్యాక్ ఈఎంఎఫ్ సార్’’ అంటారు చాలామంది. అది సగం జవాబే. 48 వోల్టుల మీద పరిగెత్తే మోటారులో పుట్టే బ్యాక్ ఈఎంఎఫ్ ఏ 42 దగ్గరో ఉంటుంది. 48కి లోపల ఉంటేనే కదా మోటారు కరెంటు లాగేది! మరి 42 వోల్టులు, 48 ఉన్న చోటికి ఎలా ఎక్కాయి?

ఇక్కడ చాలామంది ఆగిపోతారు. ఉద్యోగం దొరికేది ఈ ప్రశ్న దాటినవాళ్లకే అని నా అనుభవం. మోటారు చుట్టలకు ఇండక్టెన్స్ ఉంటుంది. డ్రైవ్‌లోని మాస్‌ఫెట్లు సెకనుకు వేలసార్లు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. బ్రేకింగ్‌లో కింది స్విచ్చులు మూసుకున్నప్పుడు, బ్యాక్ ఈఎంఎఫ్ బలంతో చుట్టలో కరెంటు పెరుగుతుంది. అవి తెరుచుకోగానే ఇండక్టర్ ఆ కరెంటును ఆగనివ్వదు, ఎంత వోల్టేజ్ కావాలంటే అంత తెచ్చుకుని పైన ఉన్న కెపాసిటర్‌లోకి తోసేస్తుంది. సంపులో నీటిని పంపు మేడమీది ట్యాంకుకు ఎక్కించినట్టే. పాఠ్యపుస్తకంలో బూస్ట్ కన్వర్టర్ అని చదివింది ఇదే. మనం అడగకుండానే డ్రైవ్ బూస్ట్ కన్వర్టర్ అయిపోయింది.

లెక్క వేసి చూద్దాం. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే మోటారు షాఫ్టుకు 57 మిల్లీమీటర్ల వ్యాసమున్న కిలో ఉక్కు కడ్డీ బిగించామనుకోండి. అందులో దాదాపు 20 జౌళ్ల శక్తి ఉంటుంది. సప్లై కొసన 4,700 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉంటే 48 వోల్టుల దగ్గర అది దాచుకున్నది సుమారు 5.4 జౌళ్లే. నష్టాలు లెక్కలోకి తీసుకోకుండా ఆ 20 జౌళ్లూ దాని మీద పడితే వోల్టేజ్ 104 దాకా పోతుంది. 63 వోల్టుల కెపాసిటర్ తట్టుకోలేదు. సప్లైగా వాడే మామూలు ఎస్‌ఎంపీఎస్ ఇవ్వడమే తప్ప వెనక్కి పుచ్చుకోలేదు. అయితే ట్రిప్ అవుతుంది, లేదంటే కాలిపోతుంది.

నేను పని నేర్చుకునే రోజుల్లో ఒక ప్యాకింగ్ యంత్రం మీద వరసగా మూడు ఎస్‌ఎంపీఎస్‌లు మార్చాం. ప్రతిసారీ ‘‘డూప్లికేట్ మాల్’’ అని సరుకునే తిట్టుకున్నాం. అసలు సంగతేమిటంటే, ఉత్పత్తి పెంచాలని ఎవరో డీసెలరేషన్ టైమ్ తగ్గించారు. ఆ సెట్టింగ్ చూడాలని మాలో ఎవరికీ తట్టలేదు. నాలుగోది బిగించేముందు ఒక పెద్ద మెకానిక్ వచ్చి, యంత్రం ఎప్పుడు ట్రిప్ అవుతోందని అడిగాడు. ఆగేటప్పుడని చెప్పగానే నేరుగా ఆ పారామీటర్ దగ్గరికి వెళ్లాడు. ఆ ప్రశ్న విలువ నాకు ఇప్పటికీ తెలుస్తూనే ఉంది.

మందుల్లో మొదటిది అదే, ఖర్చు లేనిది: మోటారును కాస్త నెమ్మదిగా ఆపడం. కుదరకపోతే సప్లైకీ డ్రైవ్‌కీ మధ్య డయోడ్ పెడతారు. దీంతో జాగ్రత్త. సప్లై బతుకుతుంది గానీ శక్తి డ్రైవ్ వైపే చిక్కుకుని అక్కడ వోల్టేజ్ ఇంకా పెరుగుతుంది. అందుకే డయోడ్‌తోపాటు బ్రేక్ చాపర్, రెసిస్టర్ కావాలి. వోల్టేజ్ ఒక హద్దు దాటగానే చాపర్ ఆన్ అయి అదనపు శక్తిని రెసిస్టర్‌లో వేడిగా కాల్చేస్తుంది. 415 వోల్టుల త్రీఫేజ్ వీఎఫ్‌డీలోనూ ఇదే కథ, అంకెలే పెద్దవి. డీసీ బస్ దాదాపు 587 వోల్టులు, చాలా డ్రైవ్‌లు 800 చుట్టుపక్కల ఓవర్ వోల్టేజ్ ఫాల్ట్ చూపించి ఆగిపోతాయి. రెసిస్టర్ ఎంచేటప్పుడు మాన్యువల్‌లో ఇచ్చిన కనీస ఓమ్‌ల కంటే తగ్గితే కాలేది చాపరే. ఇంకో మాట, ప్రాణానికి సంబంధించింది: పవర్ తీసేశాక కూడా ఆ కెపాసిటర్లలో చార్జ్ నిలిచే ఉంటుంది. మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, మీటరుతో కొలిచాకే చెయ్యి పెట్టండి.

ఇదే శక్తిని కాల్చేయకుండా లైనుకు తిప్పి పంపితే రీజనరేటివ్ బ్రేకింగ్. 2017 నవంబర్‌లో మొదలైన మన హైదరాబాద్ మెట్రో రైళ్లు ఉప్పల్, నాగోల్ స్టేషన్లలో ఆగేటప్పుడు చేసేది ఇదే. లాలాగూడ ఎలక్ట్రిక్ లోకోషెడ్‌లోని డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 ఇంజన్లూ అంతే. అపార్ట్‌మెంట్ లిఫ్టు, ఎలక్ట్రిక్ బస్సు, సీఎన్‌సీ యంత్రం, క్రేన్ అన్నిటిలోనూ ఈ పని తెలిసిన మనిషి అవసరం ఉంది.

దారుల సంగతి. పదో తరగతి తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ గానీ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ గానీ, రెండూ రెండేళ్ల ట్రేడ్‌లే. దక్షిణ మధ్య రైల్వే అప్రెంటిస్ ప్రకటనలు వస్తుంటాయి, పదో తరగతి, ఐటీఐ మార్కులే ఆధారం, కాబట్టి ఆ మార్కులను తేలిగ్గా తీసుకోవద్దు. పాలిసెట్‌తో డిప్లొమా, ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాది. డిప్లొమా, బీటెక్ అయినవాళ్లకు నాట్స్ అప్రెంటిస్‌షిప్ ఉంది. బాలానగర్ సీఐటీడీలో మెకట్రానిక్స్ చదవొచ్చు. డ్రైవ్ తయారుచేసే వైపు వెళ్లాలంటే గేట్ రాసి వరంగల్ నిట్‌లో పవర్ ఎలక్ట్రానిక్స్ అండ్ డ్రైవ్స్ ఎంటెక్ మంచి గురి.

అంతవరకూ ఆగక్కర్లేదు. పాత 24 వోల్టుల డీసీ మోటారు, దాని కరెంటును తట్టుకునే హెచ్-బ్రిడ్జ్ మాడ్యూల్, 63 వోల్టుల కెపాసిటర్, ఎస్‌ఎంపీఎస్, మధ్యలో డయోడ్ తెచ్చుకోండి. ఒక కంపారేటర్, ఒక మాస్‌ఫెట్, 10 ఓమ్‌ల 50 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్‌తో 28 వోల్టుల దగ్గర ఆన్ అయి 26 దగ్గర ఆఫ్ అయ్యే చాపర్ మీరే కట్టండి. మొదట చాపర్ తీసేసి, షాఫ్టుకు బరువేమీ కట్టకుండా, తక్కువ వేగం నుంచి మోటారును ఆపి చూడండి. తర్వాత చాపర్ పెట్టి వేగం పెంచండి. కాలేజీ ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ అడిగి, బ్రేక్ వేసిన క్షణాన వోల్టేజ్ ఎగబాకడం, 28 దగ్గర రంపపు పళ్లలా ఆగడం రెండూ ఫోటో తీసుకోండి. ఇంటర్వ్యూలో ‘‘ప్రాజెక్ట్ ఏం చేశావు’’ అని అడిగినప్పుడు ఆ రెండు ఫోటోలూ బల్లమీద పెట్టి, మొదటిదాంట్లో వోల్టేజ్ ఎందుకు ఎక్కిందో పైన అడిగిన 42 వోల్టుల ప్రశ్న దగ్గర నుంచి చెప్పడం మొదలుపెట్టండి.