ఫోన్ నుంచే సర్వర్‌లోకి వెళ్లాలంటే...

ప్రశ్న: ఆఫీసు లైనక్స్ సర్వర్‌ను ఊళ్లు తిరుగుతూ ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి చూసుకోవాలి. ఏ యాప్‌ను నమ్మవచ్చు?

జవాబు: టెల్నెట్ జోలికి మాత్రం వెళ్లకండి, అందులో పాస్‌వర్డ్ బట్టబయలుగా ప్రయాణిస్తుంది. ఎస్ఎస్‌హెచ్ వాడండి. 1995లో ఫిన్లాండ్‌లో అది పుట్టిందే పాస్‌వర్డ్ దొంగల బెడదతో. మామూలు అవసరానికి కనెక్ట్‌బాట్ చాలు: ఉచితం, సోర్స్ కోడ్ కూడా అందరికీ కనిపిస్తుంది. స్క్రిప్టులు రాసే అలవాటుంటే టెర్మక్స్ యాప్‌లో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వేసుకోండి.

నన్నడిగితే యాప్ కన్నా లాగిన్‌కు వాడే కీ ముఖ్యం. ఫోన్‌లోనే ఈడీ25519 కీ తయారుచేసి, పాస్‌ఫ్రేజ్ పెట్టి, పబ్లిక్ కీని మాత్రమే సర్వర్‌లో చేర్చండి. ఆపై పాస్‌వర్డ్ లాగిన్ ఆపేయించండి. మొదటిసారి కనెక్టయినప్పుడు కనిపించే సర్వర్ ఫింగర్‌ప్రింట్‌ను అడ్మిన్‌తో సరిచూసుకున్నాకే 'యెస్' నొక్కండి (చూడకుండా నొక్కేసేవాళ్లే ఎక్కువ!). రైల్లో సిగ్నల్ తెగుతుంటే టెర్మక్స్‌లో మోష్ అనే ప్రోగ్రామ్ మేలు. సర్వర్‌లోనూ అది ఉండాలి. ఫోన్ పోతే ఆ పబ్లిక్ కీని సర్వర్ నుంచి వెంటనే తీసేయించండి.