గాజుతొట్టిలో ప్లెకో చేప: మేత, పోషణ, జాగ్రత్త

పట్టణములందేగాక మన పల్లెలలోను గాజుతొట్లయందు రంగుచేపలను పెంచు వాడుక హెచ్చుచున్నది. వానితోపాటు, తొట్టిని శుభ్రపరచునని చెప్పి దుకాణదారులు ప్లెకో యను చేపను అమ్ముచుందురు. దీనినే సక్కరు చేప యనియు, దెయ్యపు చేప యనియు మనవారు పిలుచుచున్నారు. ఈ చేప మురికి తిని బ్రతుకుననుట సరికాదు. ఈ తలంపువలన ముందు చేపకును, తరువాత మన చెరువులకును హాని కలుగుచున్నది. కావున దీని సంగతి సభ్యులకు తెలుపుచున్నాము.

దీని జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను, ఒరినోకో మొదలగు నదులు. ఒడలిపై గట్టి పలకలుండును. నోరు క్రిందివైపున నుండి రాళ్లకు, గాజునకు అంటుకొనును. కొనునాడు 2, 3 అంగుళములుండు పిల్ల పెరిగి అడుగు మొదలు అడుగున్నర వరకు నగును. పదేండ్లకు పైగా బ్రతుకును. దీనికి 500 లీటర్లకు తక్కువగాని తొట్టి కావలెను. అంత తొట్టి లేనివారు 5 అంగుళములకు మించి సాధారణముగా పెరుగని బ్రిసిల్‌నోస్ రకమును పెంచుట మేలు.

మేత విషయము. ఇది రాత్రి తిరుగు చేప. కావున దీపమార్పిన పిమ్మట మేత వేయవలెను. తొట్టిలోని పాచి దీనికి చాలదు. దోసకాయ, బీరకాయ ముక్కలను, పాలకూరను వేడినీట ముంచి చల్లార్చి, చిన్న రాతికి కట్టి అడుగునకు దింపవలెను. పురుగుమందు చల్లిన కాయలను వాడరాదు. నీట మునుగు బిళ్లమేతయు నీయవచ్చును. మిగిలినదానిని తెల్లవారగనే తీసివేయవలెను. లేనిచో నీరు చెడును. అన్నము, రొట్టె వేయకూడదు. గీరుకొనుటకు బాగుగా నానిన మ్రానుముక్క నొకటి యుంచవలెను. కడుపు లోనికి పోయినచో ఆకలి యని యెరుంగవలెను. ఆకలిగొన్న ప్లెకో తోడి చేపల ఒంటిజిగురును గీరును.

ఇది మలము ఎక్కువగా విడుచును. కావున వారమున కొకసారి నాలుగవవంతు నీరు మార్చవలెను. నీటి వేడిమి 24 మొదలు 28 డిగ్రీల వరకు నుండుట మంచిది. పగలు దాగుకొనుటకు చాటు ఉండవలెను.

ఇక ముఖ్యమైన మాట. చేప తొట్టికి మించి పెరిగినపుడు, ప్రాణము తీయనేల యని కొందరు దానిని కాలువలోనో చెరువులోనో విడుచుచున్నారు. ఇది దయ కాదు. గాలి తక్కువైన బురదనీటను సైతము, పైకి వచ్చి గాలి మ్రింగి ఇది బ్రతుకగలదు. గట్టులో బొరియలు త్రవ్వి గ్రుడ్లు పెట్టును. బొరియలు పెరిగినకొలది మట్టి జారి గట్టు బలహీనపడును. దీని ముండ్లు వలలను చింపును. మన బొచ్చె, శీలావతి పిల్లల తిండిలో పాలుపంచుకొనును. మన చేపవలె దీనికి అంగట ధర లేదు. ఒకసారి చెరువున నిండిన పిమ్మట దీనిని నిర్మూలించుట మిక్కిలి కష్టము.

కావున పెంచలేని చేపను దుకాణదారునకు తిరిగి యీయుడు, లేక పెద్దతొట్టి గలవారికప్పగింపుడు. వలలో పడినదానిని మరల నీట విడువకుడు. తడిగట్టున పడవేసినను గంటలకొలది బ్రతికి నీటిని చేరవచ్చును. గనుక చంపి దూరముగా పూడ్పించుడు. తొట్టి ఒక్క యింటిది, చెరువు ఊరందరిది. చేపను కొనుటకు ముందే సభ్యులు ఈ సంగతిని యోచింపవలెనని కోరుచున్నాము.