పాత కేటలాగు తనిఖీ: కల, కళ, కాల ఒకటేనా?

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరు మన పెద్దల్లో చాలామంది వినే ఉంటారు. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో ప్రొఫెసరై, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకాలు స్కాన్ చేయాలని తలపెట్టారు. ఆ మిలియన్ బుక్ ప్రాజెక్టులో భారతదేశపు భాగమే ఈ లైబ్రరీ. అందులో వేలాది తెలుగు పుస్తకాలున్నాయి. 2017 ప్రాంతంలో ఆ సైటు మూతపడినా, లక్షల పుస్తకాల ప్రతులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. వాటితోపాటు పాత కేటలాగులోని తప్పులు కూడా వెళ్ళి కూర్చున్నాయి.

ఏమిటా తప్పులు? తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచినట్టు వారు టైపు చేశారు. దీర్ఘానికి ఒకరు ఒక 'ఎ' పెడితే, మరొకరు రెండు పెట్టారు. పుస్తకం అక్కడే ఉంటుంది, వెతికితే మాత్రం దొరకదు. చదివేవాడికి అది లేనట్టే.

పిల్లలూ, కల, కళ, కాల అనే మూడు మాటలనూ గుర్తులు లేకుండా ఇంగ్లీషులో రాసి చూడండి. మూడూ కె, ఎ, ఎల్, ఎ! పాట, పాత కూడా అంతే. అందుకే లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో దీర్ఘానికి అక్షరం పైన గీత, 'ట'కు 'టి' కింద చుక్క పెడతారు. కొత్త సిస్టమ్‌కు ఆ చుక్క అర్థం కాకపోతే 'పాట' కాస్తా 'పాత' అయిపోతుంది. కంప్యూటర్ ఏ ఎర్రరూ చూపించదు. కాబట్టి డేటా మార్చే ముందే గుర్తులున్న రికార్డులు ఎన్నో లెక్కపెట్టి, మార్చాక మళ్ళీ లెక్కపెట్టాలి.

రచయితల పేర్లది మరో చిక్కు. విశ్వనాథ సత్యనారాయణగారి ఇంటిపేరు విశ్వనాథ. ఇంటిపేరు చివర వస్తుందనుకునే ఇక్కడి ఫారం సత్యనారాయణను ఇంటిపేరు చేసేస్తుంది. శ్రీశ్రీ, శ్రీరంగం శ్రీనివాసరావు ఒక్కరేనని కూడా దానికి ఎవరో ఒకరు చెప్పాలి.

సంవత్సరం గడి ఇంకా తమాషా. పాత పుస్తకం మీద ప్రమోదూత నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1870 కావచ్చు, 1930 కావచ్చు, 1990 కూడా కావచ్చు. అరవై ఏళ్ళకోసారి అదే పేరు వస్తుంది కదా. శాలివాహన శకం 1852 అని ఉంటే 78 కలపాలి, 1930 వస్తుంది. అంకెలు తప్ప మరేదీ ఒప్పుకోని గడిలో ఇవి ఎలా నింపారో చూడాలి. ఖాళీలు, సున్నాలు, 1852లు ఎన్ని ఉన్నాయో లెక్క తీస్తే చాలా సంగతులు బయటపడతాయి.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు కొత్త స్క్రీన్ల మీద ఉన్న మోజు పాత టేబుళ్ళు చదవడం మీద ఉండదు. నన్నడిగితే మొదటి నెల అంతా చదవడానికే ఇవ్వాలి. దొరికిన తప్పును కూడా చెరిపేయకూడదు. పాత గడిని అలాగే ఉంచి, సరైన పేరుకు పక్కన కొత్త గడి చేర్చాలి.

అన్నిటికన్నా ముఖ్యం పాత నంబరు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఈ పుస్తకాల గుర్తింపులో డిజిటల్ లైబ్రరీ నంబరు అలాగే ఉంది. తెలుగు వికీపీడియా వాలంటీర్లు 2014లో ఆ పుస్తకాలకు తెలుగు లిపిలో జాబితా తయారుచేయడం మొదలుపెట్టారు. సైటు పోయినా, నంబరు పట్టుకుని పుస్తకం దగ్గరకు వెళ్ళగలుగుతున్నాం.

ఇంటిపని: ఇంట్లోని తెలుగు పుస్తకాలు పది తీసుకుని, పేరు, రచయిత, సంవత్సరం ఇంగ్లీషు అక్షరాల్లో రాయండి. మీ కాగితం చూపించకుండా అమ్మనో నాన్ననో అవే పది రాయమనండి. ఎన్ని పేర్లు అక్షరం తేడా లేకుండా కలిశాయి? పుస్తకాలు మూసేసి, ఆ పేర్లను మళ్ళీ తెలుగులో రాసి చూడండి.