ఆ పది నిమిషాలు

ధర్మవరం,
ఆదివారం రాత్రి

చిన్నోడా,

లెక్కల పోటీకి నలుగురి జట్టులో నిన్ను తీసుకున్నారని మీ అమ్మ ఫోన్ చేసింది. నాకెంత సంతోషమైందో! కానీ ఆ వెంటనే, "వీడికి మిగతా ముగ్గురితో పొసగడం లేదక్కా, నేనొక్కణ్ణే అయితే ఇంకా బాగా చేస్తానంటున్నాడు" అని కూడా అంది. ఆ మాట మనసులోంచి పోక ఈ ఉత్తరం రాస్తున్నా.

ఒక్కడివే కూర్చుని రాసే పోటీలు ఉన్నాయి నాయనా. ఐఓక్యూఎం పరీక్షతో మొదలై, ఆర్‌ఎంఓ, ఐఎన్‌ఎంఓ దాటి అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్ దాకా పోయే దారి అదే. అక్కడ దేశానికి ఆరుగురు పోతారు. రెండు రోజులు, రోజుకు నాలుగున్నర గంటలు, మూడేసి లెక్కలు. ఎవరి కాగితం వాళ్ళదే. 2024లో ఇంగ్లండులోని బాత్ నగరంలో మన పిల్లలు నాలుగు బంగారు పతకాలతో నాలుగో స్థానంలో నిలిచారు. ఆ స్థానం కూడా ఆరుగురి మార్కులు కూడితే వచ్చినదే. ఆ దారి నీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

మీరు సిద్ధమవుతున్నది వేరే రకానికి. 2017లో లక్నోలో జరిగిన అంతర్జాతీయ గణిత పోటీ లాంటిది. అందులో జట్టు పరీక్ష ఒకటుంది: పది లెక్కలు. మొదటి పది నిమిషాలు నలుగురూ మాట్లాడుకుని ఎనిమిది లెక్కలు పంచుకోవాలి. తర్వాత ముప్పై ఐదు నిమిషాలు నోరు విప్పకూడదు, ఎవరి వాటా వాళ్ళు చేయాలి, మార్చుకోవడం కుదరదు. చివర్లో మిగిలిన రెండూ కలిసి చేయాలి.

గెలుపోటములు ఆ మొదటి పది నిమిషాల్లోనే తేలిపోతాయి. "ఇది నాకు రాదు, నువ్వు తీసుకో" అనే మాట అప్పుడు నోటికి రావాలి. నేను తయారుచేసిన ఒక జట్టులో చాలా తెలివైన పిల్లవాడికి ఆ మాట రాలేదు. జ్యామితి లెక్క తనకు కొరుకుడు పడలేదని తెలిసీ పట్టుకున్నాడు. పక్కనే కూర్చున్న అమ్మాయికి అది చేతనవును. ముప్పై ఐదు నిమిషాలూ ఇద్దరూ మాట లేకుండా కూర్చున్నారు. బయటికొచ్చాక వాడు ఏడ్చాడు. తప్పు వాడిది కాదు, నాది. లెక్కలు నేర్పాను గానీ, ఆ మాట అనడం నేర్పలేదు.

ఇంకో రోజు పెనుకొండలో తరగతిలో చదరంగం పలక పెట్టాను. ఎదురెదురు మూలల గడులు రెండూ కాగితంతో మూసేసి, రెండేసి గడులు పట్టే అట్టముక్కలు ముప్పై ఒకటి ఇచ్చాను. మిగిలిన అరవై రెండు గడులూ నిండాలి. ఒకడు అరగంట పేర్చాడు, తీశాడు, మళ్ళీ పేర్చాడు. లెక్కల్లో వెనకబడ్డదని అందరూ అనుకునే పిల్ల వంగి చూసి, "మూసినవి రెండూ తెల్లవే కదా మేడం" అంది. అంతే. ఏ అట్టముక్కైనా ఒక తెల్లది, ఒక నల్లది కప్పుతుంది. తెల్లవి ముప్పై, నల్లవి ముప్పై రెండు. ఇక ఎన్నేళ్ళు పేర్చినా నిండదు! వాడు పేర్చి పేర్చి విసిగి ఉండకపోతే ఆ పిల్ల చూసేదీ కాదు, ఆమె చూడకపోతే వాడు ఇంకా పేరుస్తూనే ఉండేవాడు. నీ జట్టులో నెమ్మదిగా చేస్తుందని నువ్వు విసుక్కునే ఆ అమ్మాయి ఏం చూస్తోందో ఎప్పుడైనా అడిగావా?

మా వీధిలో మగ్గానికి కొత్త వార్పు అతికేటప్పుడు చూశావు కదా. పాత పోగు కొసకు కొత్త పోగు, వేలల్లో, ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. ఒక్కటి తప్పినా చీర పొడుగునా గీత పడుతుంది. అతికేవాళ్ళు ఒకరు, నేసేవాళ్ళు ఇంకొకరు. నీ కాగితమూ అంతే. "స్పష్టంగా ఉంది" అని రాసి దాటేయకు. చివరి రెండు లెక్కల్లో నువ్వు సగంలో ఆపినదాన్ని పక్కవాళ్ళు అందుకోవాలంటే, ప్రతి మెట్టూ వాళ్ళకు కనబడాలి.

వచ్చే ఆదివారం పొద్దున బండికి ముగ్గురినీ వెంటబెట్టుకుని రా. ఓళిగలు చేసి పెడతా. పది లెక్కలు రాసి ఉంచాను, గడియారం నా దగ్గరుంటుంది. మొదటి పది నిమిషాలు నువ్వు పెన్ను ముట్టుకోకూడదు. ముగ్గురూ చెప్పేది విని, ఎవరికి ఏది ఇవ్వాలో నాకు చెప్పు.

పెద్దమ్మ